ప్రమాదం జరిగాక ‘ఎవరి తప్పు’ దగ్గర ఆగిపోకుండా విచారణ ఎలా చేయాలి

నేను చాలా ఏళ్లు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఒక యాసంగి సీజన్‌లో, రాత్రి షిఫ్టులో, ఒక కుర్రాడి చెయ్యి ఎలివేటర్ (బెల్టుకు కప్పులు బిగించి వడ్లను పైకి ఎత్తే యంత్రం) అడుగున బెల్టుకూ పుల్లీకీ మధ్య పడింది. రెండు వేళ్లు పోయాయి. మర్నాడు రిజిస్టర్లో ‘కార్మికుడి అజాగ్రత్త వల్ల’ అని రాసింది నేనే. అందరినీ పిలిచి జాగ్రత్తగా ఉండమని చెప్పి, ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు పెట్టించాం. ఐదు నెలలు తిరక్కుండానే అదే ఎలివేటర్ దగ్గర, అదే మూత తీసి, ఇంకో మనిషి చెయ్యి పెట్టాడు. ఈసారి మణికట్టు విరిగింది. ఆయనకు ఆ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఆ బోర్డును గోడకు కొట్టింది కూడా ఆయనే.

ఆ రెండో ప్రమాదం తర్వాత నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. మొదటిసారి నేను సరిగ్గా విచారించి ఉంటే రెండోది జరిగేది కాదు. భద్రత మీద పనిచేసిన ఇంజనీర్లు, పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్న పద్ధతిని అప్పుడే కూర్చుని నేర్చుకున్నాను. ప్రమాదాన్ని ఒక్క మనిషి చేసిన పనిగా కాకుండా, చుట్టూ ఉన్న మొత్తం ఏర్పాటులోంచి పుట్టినదిగా చూడటమే ఆ పద్ధతి. మిల్లయినా, వర్క్‌షాపయినా, బిల్డింగ్ పనయినా, అపార్ట్‌మెంట్ సంపయినా ఇలాగే చేయవచ్చు. కావలసిందల్లా ఒక పెద్ద కాగితం, రెండు సాయంత్రాలు, నిజం వినే ఓపిక.

మొదటి గంట

ముందు మెయిన్ ఆఫ్ చేయించండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చేతిని పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేయించండి. వేలు తెగి పడితే దాన్ని నేరుగా ఐసులో వేయకండి. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు మీద ఉంచి మనిషితో పాటే పంపండి. ఆ రాత్రి మా దగ్గర ఈ సంగతి ఎవరికీ తెలియదు. వేళ్లను ఐసు ముక్కల్లోనే వేసి పంపారు, అవి అతికించడానికి పనికిరాలేదు. అమెరికాకు చెందిన విలియం హాడన్ అనే వైద్యుడు ప్రమాదాన్ని ముందు, ఆ క్షణం, తర్వాత అని మూడు భాగాలుగా చూడమన్నాడు. దెబ్బ తగిలాక మనం చేసేదాన్ని బట్టి కూడా గాయం ఎంత పెద్దదవుతుందో తేలుతుంది. అందుకే ఆ ‘తర్వాత’ కూడా మీ విచారణలోకి రావాలి.

మనిషి ఆసుపత్రికి బయల్దేరాక, ఆ చోటును ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. ఊడ్చి, కడిగి, గార్డు (తిరిగే భాగాలకు చెయ్యి తగలకుండా అడ్డుగా ఉండే మూత) బిగించి, ‘అంతా సరిగ్గానే ఉంది’ అనిపించేలా చేయాలని ప్రతివాళ్లకూ తొందరగా ఉంటుంది. వద్దని చెప్పండి. ఫోన్‌తో ఫోటోలు తీయండి: స్విచ్‌లు ఏ స్థితిలో ఉన్నాయి, గార్డు ఎక్కడుంది, బోల్టులు ఎక్కడున్నాయి, లైటు వెలుగుతోందా, కింద ఏం పడి ఉంది. దూరాలు అడుగుల్లో కొలిచి రాసుకోండి. ఫ్యాక్టరీల శాఖకు, పోలీసులకు ఇవ్వాల్సిన సమాచారం చట్టప్రకారం ఇవ్వాల్సిందే. మీరు చేసే ఈ విచారణ దానికి బదులు కాదు.

కొన్ని మాటలు కొట్టేయండి

మీ కాగితం మీద అజాగ్రత్త, నిర్లక్ష్యం, తొందరపాటు, ‘చూసుకుని ఉండాల్సింది’ అనే మాటలుంటే కొట్టేయండి. అవి కారణాల్లా కనిపిస్తాయి కానీ మనం ఇచ్చిన తీర్పులు. ఒకసారి తీర్పు రాశాక ఇంకో ప్రశ్న వేయాలనిపించదు.

ఈ అలవాటు పాతదే. 1931లో హెర్బర్ట్ హైన్‌రిక్ అనే అమెరికన్ బీమా కంపెనీ ఉద్యోగి, ప్రమాదాల్లో 88 శాతం కార్మికులు చేసే ప్రమాదకరమైన పనుల వల్లే జరుగుతాయని రాశాడు. ఆ లెక్కకు ఆధారం యాజమాన్యాలు, బీమా కంపెనీలు నింపిన రిపోర్టులు. అంటే నాలాంటి సూపర్‌వైజర్లు ‘అజాగ్రత్త’ అని రాసిన కాగితాలే. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ ట్రైనింగుల్లో వినిపిస్తుంటుంది.

మరి నిజంగా మనిషిదే తప్పయితే? దానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అదే పని తెలిసిన ఇంకో ముగ్గురిని విడివిడిగా పిలిచి, ‘ఆ పరిస్థితిలో మీరైతే ఏం చేసేవారు?’ అని అడగండి. ముగ్గురూ అదే చేస్తామంటే, సమస్య ఆ ఒక్కడిది కాదు. తాగి వచ్చాడు, కావాలని చేశాడు అనే సందర్భాలు లేకపోలేదు. కానీ అవి మీరు అనుకున్నంత తరచుగా రావు.

చోటు దగ్గరే మాట్లాడండి

ఆఫీసు గదిలో ఓనర్ ముందు నిలబెట్టి అడిగితే ఎవరూ నిజం చెప్పరు. మిషన్ దగ్గరికే వెళ్లి నిలబడండి. మనిషికి వచ్చిన భాషలోనే అడగండి. మా కుర్రాడిది బీహార్. నాకు హిందీ అంతంత మాత్రమే కాబట్టి అతని తోటివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కూలి కోయడం, పనిలోంచి తీసేయడం ఉండదని ముందే చెప్పండి. ఆ మాట చెప్పే ముందు ఓనర్ దగ్గర ఒప్పుకోలు తీసుకోండి, లేకపోతే మీ మాట అబద్ధం అవుతుంది.

‘ఎందుకలా చేశావు?’ అని అడగకండి. ఆ ప్రశ్న వినగానే మనిషి తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. ఇలా అడగండి: ‘ఆ టైముకి నీకేం కనిపించింది, ఏం వినిపించింది? ఇది రోజూ ఎలా చేస్తారు? ఆపి చేస్తే ఏమవుతుంది? ఈ పద్ధతి నీకు ఎవరు నేర్పారు?’ అడిగాక చేసి చూపించమనండి, మెయిన్ ఆఫ్‌లో ఉంచి.

మణికట్టు విరిగిన పెద్దాయన కట్టు చేతితోనే వచ్చి చూపించాడు. వడ్లు తడిగా ఉన్నప్పుడు ఎలివేటర్ అడుగున ముద్దకట్టి చోక్ అవుతుంది. బెల్టు జారడం మొదలవగానే చప్పుడు మారుతుంది, పైన తిరిగే కప్పులు తడబడినట్టు వినిపిస్తాయి. ఆ చప్పుడు వినగానే మూత తీసి, రెండు గుప్పిళ్లు లాగేస్తే మళ్లీ అందుకుంటుంది. ఆయన ఎడమ చేత్తో మూత అంచు పట్టుకుని, కుడి చెయ్యి లోపలికి పెట్టి, మోచేతిని ఒక పక్కకు తిప్పి చూపించాడు. ‘ఇట్ల పెడితే బెల్టు తగలదు సార్. ఇరవై ఏండ్ల నుంచి ఇట్లనే తీస్తున్నం. కొత్త పోరగాళ్లకు కూడా ఇదే చూపిస్తం’ అన్నాడు. ఆపి తీయొచ్చు కదా అంటే, ‘లోడు మీద ఆపితే మళ్ల మోటర్ ఎత్తదు. కింద నిండిన వడ్లన్నీ చేత్తో తోడాలె, అరగంట పడతది. లైనంతా ఆగిపోతది’ అన్నాడు.

నేను అంతవరకూ అజాగ్రత్త అనుకున్నది, వాళ్ల దృష్టిలో మిల్లు ఆగకుండా నడిపే నేర్పు. మేం కాగితం మీద రాసుకున్న పని వేరు, రాత్రి జరిగే పని వేరు. ఈ రెంటి మధ్య దూరం ఎంతుందో తెలుసుకోవడమే విచారణలో సగం పని.

గోడంత కాగితం మీద పటం గీయండి

డెన్మార్క్‌కు చెందిన జెన్స్ రాస్ముస్సెన్ 1997లో ఒక పద్ధతి చెప్పాడు. ప్రమాదాన్ని అంతస్తులుగా గీయడం. అన్నిటికన్నా కింద మిషన్, చోటు. దాని పైన పనిచేసే మనుషులు, ఆ పైన సూపర్‌వైజర్లు, ఆ పైన యాజమాన్యం, ఆ పైన చట్టాలు చూసే శాఖలు, అన్నిటికన్నా పైన ప్రభుత్వం, మార్కెట్. ఒక్కో అంతస్తులో ఏ నిర్ణయాలు జరిగాయో రాసి, దేనివల్ల ఏది వచ్చిందో బాణాలతో కలపాలి.

‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగమనే పద్ధతి మీరు వినే ఉంటారు. దాంతో మొదలుపెట్టవచ్చు. కానీ అది ఒకే దారి పట్టుకుని పోయి ఒకే కారణం దగ్గర ఆగుతుంది. పటంలో కొమ్మలు విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. నిజంగా జరిగేది కూడా అలాగే.

మా పటం ఇలా తయారైంది. అన్నిటికన్నా కింద: బెల్టు గార్డు గోడకు ఆనించి ఉంది. దానికి ఎనిమిది బోల్టులు. పదమూడో నంబరు పానాతో విప్పి, బిగించడానికి పావుగంట. రాత్రికి ఏడెనిమిది సార్లు చోక్ అవుతుంటే, ప్రతిసారీ విప్పి బిగించే మనిషి ఎవరుంటారు? ప్యానెల్ బోర్డు బాయిలర్ గోడకు అవతల, అరవై అడుగుల దూరంలో. ఎలివేటర్ దగ్గర ఆపే స్విచ్చే లేదు. పైన లైటు పోయి వారం అయింది.

ఒక అంతస్తు పైకి వెళితే, కూలి బస్తాల లెక్కన. లైను ఆగితే బస్తాలు తగ్గుతాయి, వాళ్ల డబ్బులు తగ్గుతాయి. అంటే భద్రంగా పని చేసినందుకు ఖర్చు వాళ్ల జేబులోంచే పోతోంది. ఇది కనిపెట్టిన రోజు నాకు చాలా బాధ కలిగింది. ఆ పక్కన నా పేరు కూడా రాసుకున్నాను. షిఫ్టు రిజిస్టర్లో బస్తాల గడి ఉంది, కరెంటు యూనిట్ల గడి ఉంది, చోక్ ఎన్నిసార్లు అయిందో రాసే గడి లేదు. నేను అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఇంకా పైన: వడ్లు ఆరబెట్టే రెండు డ్రయ్యర్లలో ఒకటి బేరింగ్ పోయి ఆగి ఉంది, సీజన్ అయ్యాక చేయిద్దామని వాయిదా పడింది. ఆ పైన: కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు తేమ 17 శాతం మించకూడదని నిబంధన ఉంది, కానీ అకాల వర్షాలకు కల్లాల్లోనే తడిసిపోయాయి. లారీలు గేటు ముందు బారులు తీరాయి, దించుకోక తప్పలేదు. దాని పైన: ప్రభుత్వం ఇచ్చిన వడ్లు ఆడించి, క్వింటాలుకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం గడువులోగా అప్పగించాలి. గడువు దగ్గరపడే కొద్దీ ఓనర్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు, నేను రాత్రి షిఫ్టును తొందరపెట్టేవాణ్ణి.

ఇప్పుడు బాణాలు కలిపి చూడండి. వాన, తడి వడ్లు, ఒక్క డ్రయ్యర్, మాటిమాటికీ చోక్, విప్పేసిన గార్డు, ఆపితే కూలి నష్టం, అందని స్విచ్. ఆ చెయ్యి లోపలికి వెళ్లింది ఇన్నిటి చివర. ఇందులో ఏ ఒక్కరూ చెడ్డవాళ్లు కారు. ప్రతి ఒక్కరూ ఆ రోజుకు తమకు సరైనదనిపించిన పనే చేశారు. పటం పూర్తయ్యాక దాన్ని ఓనర్‌కే కాదు, రాత్రి షిఫ్టు వాళ్లకూ చూపించండి. మావాళ్లు చూసి ఇంకో రెండు బాణాలు గీశారు, అవి నాకు తట్టనివి.

వార్త ఎక్కడ తెగిందో వెతకండి

పటంలో అంతస్తులున్నాయి కదా. పై నుంచి కిందికి ఆజ్ఞలు, నిబంధనలు దిగుతాయి. కింది నుంచి పైకి కబురు రావాలి. నాన్సీ లెవెసన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ భద్రతను ఇలా చూడమంటారు: అదుపు చేసేవాడికి అసలు పరిస్థితి తెలుస్తూ ఉండాలి, అది తెగిన రోజు అదుపు పోతుంది. ఇంటి మీద వాటర్ ట్యాంకు తెలుసు కదా. లోపలి ఫ్లోట్ పాడైతే, ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నా మోటారుకు తెలియదు. మోటారు తన పని తాను సరిగ్గానే చేస్తున్నట్టు. ఆ రోజుల్లో నేనూ, ఓనరూ అలాంటి మోటార్లమే.

ప్రతి రక్షణ పక్కనా మూడు ప్రశ్నలు రాయండి. ఇది ఉందో లేదో చూడాల్సింది ఎవరు? లేదని అతనికి ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఆపే అధికారం అతనికి ఉందా? మా గార్డు విషయంలో చూడాల్సింది నేను, కానీ నేను పగలు వెళ్లేసరికి ఎవరో ఒకరు తెచ్చి ఆనించి పెట్టేవాళ్లు. తెలిసిన ఆపరేటర్‌కు లైను ఆపే ధైర్యం లేదు.

రక్షణలు ఒక్కొక్కటే జారిపోతుంటే ఆ రోజుకు ఏమీ కాదు, అందుకే ఎవరికీ భయం వేయదు. 1984 డిసెంబర్‌లో భోపాల్లో విషవాయువు బయటికి వచ్చిన రాత్రికి, ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని నెలల క్రితమే ఆపేశారు. వాయువును మండించేసే ఫ్లేర్ టవర్ మరమ్మతు కోసం పైపు విప్పి పనిచేయని స్థితిలో ఉంది. ఒక్కోటి ఆపిన రోజున దానికో కారణం ఉండే ఉంటుంది. మీ దగ్గర ‘తర్వాత చేయిద్దాం’ అని ఆగి ఉన్నవన్నీ ఒక చోట రాసి చూడండి. జాబితా చూస్తే మీకే గుండె ఝల్లుమంటుంది.

మార్పు ఎంచుకోవడం

ఇక్కడే చాలా విచారణలు దారి తప్పుతాయి. పటం ఎంత బాగా గీసినా, చివర్లో ‘కార్మికులకు అవగాహన కల్పించాలి’ అని రాసి సంతకం పెడతారు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా పిల్లలు చనిపోయారు. అప్పట్లో అందరి నోటా డ్రైవర్ మాటే. రోజూ వచ్చే డ్రైవర్ కాదని, ఫోన్లో ఉన్నాడని. ఆ డ్రైవర్ కూడా అక్కడే చనిపోయాడు. అక్కడితో ఆగిపోతే, దేశంలో అలాంటి గేట్లు దాటే ప్రతి డ్రైవర్‌నూ ప్రతిరోజూ జాగ్రత్తగా ఉండమని వేడుకోవడం తప్ప దారి లేదు. 2014-15లో కాపలా లేని గేట్ల దగ్గర దేశమంతటా 50 ప్రమాదాలు జరిగాయి. తర్వాత రైల్వే ఆ గేట్లనే ఒక్కొక్కటిగా తీసేసింది. కొన్నిచోట్ల కాపలా పెట్టారు, కొన్నిచోట్ల పట్టాల కింద దారి కట్టారు, కొన్ని మూసేశారు. 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైన్ల మీద అలాంటి గేటు లేకుండా పోయింది, ఆ ప్రమాదాల లెక్క సున్నాకి వచ్చింది. డ్రైవర్లు మారలేదు. ఫోన్లు ఇంకా పెరిగాయి. దారి మారింది.

కాబట్టి మీకు తోచిన మార్పులన్నీ రాసి, ఈ వరుసలో పెట్టండి: ఆ అపాయాన్నే లేకుండా చేసేవి, తక్కువ అపాయం ఉన్నదానితో మార్చేవి, మనిషికీ అపాయానికీ మధ్య అడ్డు పెట్టేవి, ఆ తర్వాతే నియమాలు, ట్రైనింగు, బోర్డులు, చిట్టచివర గ్లౌజులు, హెల్మెట్లు. తిరిగే బెల్టు దగ్గరయితే గ్లౌజు చేతిని లోపలికి లాగుతుంది, అసలు వద్దు. ఒక్కో మార్పునూ ఇలా పరీక్షించండి: రాత్రి రెండు గంటలకు, నిన్ననే చేరిన మనిషి, నిద్రమత్తులో ఉన్నా ఇది పనిచేస్తుందా? మా ఎర్ర బోర్డు ఆ పరీక్షకు నిలవదు. పైగా అది తెలుగులో ఉంది.

మేం చేసినవి చెబుతాను. డ్రయ్యర్ బేరింగ్ మార్పించాం. గేటు దగ్గరే తేమ మీటర్ పెట్టి, తడి వడ్లను వేరే కుప్ప పోసి పగలే ఆడించాం. దాంతోనే చోక్‌లు బాగా తగ్గిపోయాయి. ఎలివేటర్ అడుగున బోల్టుల మూత తీసేసి, పక్కకు జారే తలుపు పెట్టించాం. అది తెరవగానే మోటారు ఆగేలా లిమిట్ స్విచ్ బిగించాం. ముద్దకట్టిన వడ్లు లాగడానికి పొడుగు కర్రకు పార చేయించాం. ఎలివేటర్ పక్కనే ఎర్ర స్టాప్ బటన్ పెట్టించాం. లోపలికి దిగి రిపేరు చేసేవాడికి మెయిన్‌కు వేసే తాళం ఒకటి, దాని చెవి అతని జేబులోనే. ఒక్కడు దిగితే ఒక తాళం, ఇద్దరు దిగితే రెండు.

అన్నిటికన్నా కష్టమైంది కూలి మార్చడం. చోక్ తీయడానికి ఆపిన టైముకు కూడా కూలి ఇవ్వాలని అడిగితే, ‘కావాలని ఆపి కూర్చుంటారయ్యా’ అన్నాడు ఓనర్. రెండు ప్రమాదాల్లో మిల్లు ఎన్ని రోజులు ఆగింది, ఆసుపత్రికి ఎంత అయింది, ఇద్దరికీ ఎంత ఇచ్చాం అని లెక్క రాసి ముందు పెట్టాను. ఒక నెల చూద్దామన్నాడు. కావాలని ఎవరూ ఆపలేదు.

మార్పు ఖాయం చేసే ముందు, దానివల్ల కొత్తగా ఏ అపాయం పుడుతుందో కూడా ఆలోచించండి. రైల్వే గేట్ల బదులు కట్టిన అండర్‌పాస్‌లలో వానాకాలం నీళ్లు నిలిచే చోట్లున్నాయి. 2022 జూలైలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక స్కూలు బస్సు అలా నీళ్లలో ఇరుక్కుంటే, స్థానికులు వెళ్లి పిల్లలను బయటికి తెచ్చారు. మా లిమిట్ స్విచ్ దుమ్ము పట్టి ఊరికే మోటారును ఆపేసేది. రెండు వారాల్లోనే ఎవరో దానికి వైరు కలిపి పనిచేయకుండా చేశారు. వాళ్లను తిట్టకుండా దుమ్ము దూరని రకం తెప్పించి పెట్టాం.

తప్పిపోయిన ప్రమాదాలు

‘అబ్బ, తృటిలో తప్పింది’ అనుకున్నవే మీకు అన్నిటికన్నా ముందు వచ్చే కబురు. దీనికి పెద్ద ఫారాలు వద్దు. షిఫ్టు రిజిస్టర్లో రెండు గడులు పెంచండి: చోక్ ఎన్నిసార్లు, భయం వేసిన సంగతి ఏమైనా ఉందా. రాసినవాడి పేరు అక్కర్లేదు. రాయడం రానివాళ్లు ఫోన్లో వాయిస్ పెట్టినా చాలు. వచ్చిన కబురుకు వారంలోగా ఏదో ఒకటి చేయండి, కనీసం లైటు మార్చండి. రెండుసార్లు చెప్పినా కదలిక లేకపోతే మూడోసారి ఎవరూ చెప్పరు.

మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి

ముందుగా చెప్పకుండా, రాత్రి వెళ్లండి. టార్చి పట్టుకుని వెళ్లి నేరుగా గార్డు బోల్టుల మీద వేయండి. బోల్టు తల మీద దుమ్ము, ఊక పేరుకుని ఉంటే ఎవరూ విప్పడం లేదు. పానా తగిలి అంచులు తళతళా మెరుస్తుంటే, మళ్లీ ఎందుకో విప్పాల్సి వస్తోంది. అప్పుడు ఎవరినీ కేకలేయకండి. అక్కడున్న మనిషి పక్కన నిలబడి, ఈ రాత్రి ఎన్నిసార్లు విప్పాల్సి వచ్చిందని అడగండి. చెప్పింది రాసుకుని, పాత కాగితం మళ్లీ గోడకు అంటించండి.